మూడో పిలుపు

పెళ్ళయ్యాక నాకు నచ్చినవి చాలా ఉన్నాయి. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదానిమీద ఒకటి వాలి నిలబడటం. ఫర్జామ్ చొక్కా జేబులో నా జుట్టు పిన్ను దొరకడం. పొద్దున్నే వేడివేడి రొట్టెను చేతిమీద వేసుకుని అతను వీధి మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూడటం, ఇంటికొచ్చేలోపే ఓ మూల కొరికేశాడని కనిపెట్టడం. నచ్చనివి శుక్రవారాలు మాత్రమే.

సెలవు రోజు కదా, ఏం పాపం చేసింది అనుకోకండి. టెహ్రాన్‌లో కొత్త జంటకి శుక్రవారం సెలవుండదు. ఆ రోజు ఎవరో ఒక చుట్టం పాగోషా భోజనానికి పిలుస్తారు. ముందు వాళ్ళు పిలిచి, కడుపునిండా పెట్టి, చేతిలో ఓ కానుక ఉంచితేనే ఆ ఇంటికి మా రాకపోకలు మొదలైనట్టు. ఫర్జామ్ వైపు చుట్టాలు చాలామంది. మా వైపు ఇంకా ఎక్కువమంది. వసంతంలో నౌరోజ్ పండగ వెళ్ళగానే మా పెళ్ళైంది. వేసవి వచ్చేసింది. ఇంతవరకూ మేమిద్దరమే గడిపిన శుక్రవారం ఒక్కటి లేదు. హనీమూన్‌కని ఇస్ఫహాన్ వెళ్తే అక్కడ కూడా ఫర్జామ్ పిన్ని ఉంది!

అందుకే లార్ వెళ్దామన్నాను.

నేను రంగుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఎరుపులు కలపడం నా పని. గోడ ఎరుపు, తలుపు ఎరుపు, ట్రాక్టర్ ఎరుపు. కానీ దమావంద్ శిఖరం పాదాల దగ్గర, లార్ జాతీయ వనంలో అడవి గసగసాల పూలు పూసినప్పుడు కొండవాలు మొత్తం ఏ ఎరుపవుతుందో ఫొటోల్లో తప్ప చూడలేదు. అవి పూసేది కొన్నాళ్ళే. గట్టిగా గాలి వీస్తే రేకులన్నీ రాలిపోతాయి. ఆ కొండవాలు మీద ఫర్జామ్ పక్కన, మూడో మనిషి లేకుండా, ఒక్క గంట కూర్చోవాలి. నాకంతకన్నా ఏమీ అక్కర్లేదు. వచ్చే శుక్రవారానికి లోపలికి వెళ్ళే అనుమతి కూడా దొరికింది. ఆ తర్వాతి శుక్రవారానికి పూలుండవు.

సోమవారం సాయంత్రం తివాచీ మీద మ్యాపు పరుచుకుని బోర్లా పడుకున్నాం. మూలలు ఎగరకుండా టీ గ్లాసులు పెట్టాం. ఎక్కడెక్కడ ఆగాలో అక్కడల్లా నేను ఒక్కో పిస్తా పెట్టాను. హరాజ్ రోడ్డులో పలహారానికి ఒకటి, పోలూర్ దగ్గర దమావంద్ మొత్తంగా కనబడే మలుపుకి ఒకటి, నలభై ఊటల మైదానానికి ఒకటి, ఎక్కబోయే కొండకి ఒకటి, దిగొచ్చాక కాళ్ళు పెట్టి కూర్చునే వాగుకి ఒకటి.

"ఇక్కణ్ణించి నడక. బూట్లు బిగించి కట్టుకోవాలి. ఇలా వాగు పక్కనే వెళ్ళి... కొండ ఏదీ?"

"ఏ కొండ?"

"ఇక్కడ పెట్టిన కొండ!"

"తినేశాను," అన్నాడు ఫర్జామ్. "ఉప్పుప్పుగా బావుంది."

ఫర్జామ్ లిఫ్టుల ఇంజినీరు. రోజంతా పైకీ కిందికీ తిరుగుతాడు గానీ జన్మలో ఒక్క కొండ ఎక్కలేదు. పైగా టెహ్రాన్ మొత్తంలో అతనంత మర్యాదస్తుడు ఇంకొకడు ఉండడు. లిఫ్టు తలుపు దగ్గర 'ముందు మీరు', 'అబ్బే, ముందు మీరు' అంటూ నిలబడిపోయి, తను బాగుచేసిన లిఫ్టే తనని వదిలేసి వెళ్ళిపోయిన రోజులున్నాయి.

అప్పుడు ఫోన్ మోగింది. తూరాన్ అత్తయ్య. ఫర్జామ్ మేనత్త, ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ గొంతు వినడానికి స్పీకర్ అక్కర్లేదు.

"ఒరేయ్ ఫర్జామ్! శుక్రవారం మధ్యాహ్నం మీ ఇద్దరికీ మా ఇంట్లో భోజనం."

నేను తల అడ్డంగా ఊపాను. రెండు చేతులూ కలిపి కొండ ఆకారం చూపించాను.

"మీ చేతి వంటంటే ప్రాణమత్తా. కాకపోతే ఆ రోజు మేం లార్ వెళ్దామనుకున్నాం."

"కొండలకా! అయితే వెళ్ళిరండి నాయనా. హాయిగా తిరిగి రండి. భోజనానికేం, ఇంకోసారి పెట్టుకుందాం."

ఎంత బంగారం లాంటి మనిషి! ఫోన్ పెట్టేయమని సైగ చేశాను. పెట్టేస్తే అతను ఫర్జామ్ ఎందుకవుతాడు?

"మీరు లేకుండా మాకేం బావుంటుందత్తా? మీరూ రండి."

"నేనెందుకురా, మోకాళ్ళ నొప్పులదాన్ని!"

ఒకసారి వద్దంది. ఎవరైనా మొదటిసారి వద్దనే అంటారు కాబట్టి రెండోసారి అడగాలి. అది మర్యాద.

"మోకాళ్ళదేముందత్తా, మిమ్మల్ని మా నెత్తిమీద పెట్టుకుని తీసుకెళ్తాం!"

"వద్దులేరా. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, మీ మధ్యలో నేనెందుకు?"

రెండోసారీ వద్దంది. ఆవిడ మర్యాద తీరింది, మా మర్యాదా తీరింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"మీరు రాకపోతే మేమూ వెళ్ళం!" అన్నాడు ఫర్జామ్.

అవతల కాసేపు టీవీ చప్పుడే వినబడింది.

"ఇంతగా అడుగుతుంటే కాదంటే నిన్ను చిన్నబుచ్చినట్టుంటుంది," అంది అత్తయ్య. "సరే, వస్తాను."

ఫోన్ పెట్టేశాక ఫర్జామ్ ముఖం రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టులా ఉంది.

"ఆవిడ వద్దంటుందనుకున్నా."

"రెండుసార్లు అంది కదా!"

"మూడోసారి కూడా అంటుందనుకున్నా."

"మూడోసారి నిన్నెవరు అడగమన్నారు?"

"నోరు దానంతటదే కదిలింది గోలీ!"

మాట్లాడకూడదని గట్టిగా అనుకున్నాను. కానీ అతను ఆ పిస్తా పెంకును తెచ్చి, ఎంతో జాగ్రత్తగా, కొండ ఉండాల్సిన చోట బోర్లించి పెట్టాడు. నాకు నవ్వాగలేదు.

బుధవారం ఆఫీసు నుంచి నేరుగా తూరాన్ అత్తయ్య ఇంటికి వెళ్ళాను. ప్రయాణం ఏర్పాట్లలో సాయం చేయడానికని చెప్పాను. అసలు సంగతి, ఆవిణ్ణి భయపెట్టి మానిపించడం. ఆవిడ వంటింట్లో కూర్చుని పచ్చి చిక్కుడు గింజలు వొలుస్తోంది. పక్కన సోయకూర గుట్ట.

"అక్కడ చలి ఎక్కువట అత్తయ్యా."

"కోటుంది."

"సంచార పశువుల కాపర్ల గుడారాలుంటాయి. వాళ్ళ కుక్కలు భలే కోపిష్టివట."

"నేను తొమ్మిదో క్లాసు ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టినదాన్నమ్మాయ్. కుక్కలొక లెక్కా? అవునుగానీ, అక్కడ తినడానికి ఏం పట్టుకెళ్దామనుకున్నారు?"

"శాండ్‌విచ్‌లు."

అత్తయ్య చేతిలో గింజ జారిపోయింది. "శాండ్‌విచ్‌లా! అది ఆస్పత్రిలో పేషెంటు పక్కన కూర్చున్నవాళ్ళు తినే తిండి. నేను ఈ గింజలేసి అన్నం, పొలో వండుతా, అడుగున మాడు చెక్కతో సహా."

నేనూ పక్కన కూర్చుని గింజలు వొలవసాగాను. తర్వాత ఆవిడే, నావైపు చూడకుండా అంది.

"మీ కారు చిన్నది కదా. నా గిన్నెలూ, టీ కాచే సమోవారూ ఎక్కడ పడతాయి?"

"భలేవారే, పైన క్యారియర్ ఉందిగా!" అన్నాను.

"శుక్రవారం వానొస్తుందంటున్నారు."

"వానలో కొండలు ఇంకా బావుంటాయి అత్తయ్యా!"

"నేనొచ్చి మీకు అడ్డం కాదూ?"

"అయ్యో, మీరొస్తేనే మాకు కళ!"

వీధిలోకి వచ్చాక గానీ నా నోరు ఏం చేసిందో నాకు తెలియలేదు. బస్సులో కూర్చుని తల కిటికీకేసి మెల్లగా కొట్టుకున్నాను. పక్క సీటావిడ జాలిపడి నాకో ఆలుబుఖారా తాండ్ర ముక్క ఇచ్చింది. రెండుసార్లు వద్దని, మూడోసారి తీసుకున్నాను. భలే పుల్లగా ఉంది.

శుక్రవారం చీకటి విడవకముందే అత్తయ్య ఇంటి ముందు కారు ఆపాం. మెట్ల మీద తివాచీ చుట్ట, గొడుగు, గ్యాస్ పొయ్యి, దుప్పట్లో చుట్టిన పెద్ద గిన్నె, సమోవార్. క్యారియర్ మీద పట్టినవి పట్టగా మిగిలినవి వెనక సీట్లో నా చుట్టూ సర్దారు. సమోవార్ నా ఒళ్ళో కూర్చుంది. అత్తయ్య ముందు సీట్లో, నా మొగుడి పక్కన, మహారాణిలా కూర్చుంది. నాకు కనబడింది అతని చెవి ఒక్కటే. పోనీలే, మంచి చెవి.

పోలూర్ దగ్గర మలుపు తిరిగామో లేదో దమావంద్ అమాంతం ఎదురొచ్చింది. నెత్తిన మంచు, దానిపైన ఒకే ఒక్క మబ్బు. ఫర్జామ్ కారు నెమ్మది చేశాడు. అప్పటిదాకా డ్రైవింగు నేర్పుతున్న అత్తయ్య నోరు కూడా ఆగిపోయింది.

మైదానంలో వాగు పక్కన తివాచీ పరిచాం. దూరంగా నల్లటి గుడారాలు, గొర్రెల మంద, ఎక్కణ్ణించో ఓ కుక్క మొరుగుడు. అత్తయ్య ఓ చూపు చూసింది, మొరుగుడు ఆగింది. నిజంగా! ఎదురుగా మా కొండ. నడుము దాకా పచ్చగా ఉంది. అక్కణ్ణించి పైకి ఎవరో ఎర్ర శాలువా కప్పినట్టుంది. పూలు రాలలేదు.

సమోవార్ వెలిగించి, టీ తాగి, బూట్ల తాళ్ళు బిగించుకున్నాం.

"వెళ్ళిరండి," అంది అత్తయ్య. "నేనిక్కడ కూర్చుంటా."

నేను ఫర్జామ్ చెయ్యి పట్టుకుని లాగాను. అతను కదల్లేదు.

"మిమ్మల్ని ఒక్కర్నీ వదిలి ఎలా వెళ్తామత్తా? కొంతదూరమైనా రండి."

"మోకాళ్ళురా నాయనా."

"నేను వీపుమీద మోసుకెళ్తా!"

"వద్దులేరా."

రెండైపోయాయి. ఫర్జామ్ ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ గాలి ఎందుకో నాకు తెలుసు. అత్తయ్య ముఖంలోకి చూశాను. అక్కడ అచ్చంగా నాలో ఉన్న భయమే కనబడింది. నా చేతిలో, టీతో తినడానికి తీసిన పెద్ద ఖర్జూరం ఉంది, మధ్యలో అక్రోటు పప్పు కుక్కింది. ఫర్జామ్ పెదవులు విడివడ్డాయి. నేను ఆ ఖర్జూరాన్ని అతని నోట్లో కుక్కేశాను.

పెద్దావిడ ముందు మొగుడి నోరు మూయించాను! నా చెవులు పూలకన్నా ఎర్రగా అయ్యుంటాయి.

అత్తయ్య భుజాలు కదలడం మొదలెట్టాయి. ఆ తర్వాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"అమ్మయ్య! మా వంశంలో మగాళ్ళ నోరాపే పిల్ల ఇన్నాళ్ళకి వచ్చింది! ఫోన్లో రెండుసార్లు వద్దన్నానా లేదా? ఆపాడా వీడు? శుక్రవారం సాయంత్రం నా టీవీ సీరియల్ చివరి భాగం తెలుసా! సరే, నువ్వైనా వదిలేస్తావేమోనని బుధవారం కారు చిన్నదన్నాను, వానన్నాను. క్యారియర్ ఉందన్నావు!"

"మర్యాదకన్నాను అత్తయ్యా!"

"నేనూ మర్యాదకే వచ్చానే పిచ్చిపిల్లా!"

నేను తివాచీ మీద కూలబడి నవ్వాను. ఫర్జామ్ ఏదో చెప్పబోయాడు గానీ ఖర్జూరం ఇంకా నమలడం పూర్తవలేదు.

"అయినా," అంది అత్తయ్య కళ్ళు తుడుచుకుని, దమావంద్ వైపు తిరిగి, "వచ్చినందుకు బాధేం లేదు. ఇంత పెద్దది మా టీవీలో పట్టదు. ఇదిగో, మీ పాగోషా కానుక." సంచీలోంచి రెండు జతల ఉన్ని మేజోళ్ళు తీసింది, ఆవిడే అల్లినవి. "పైన గాలికి కాళ్ళు చల్లబడతాయి. అన్నం దమ్ము మీద పెడుతున్నా. అయ్యాక గరిటెతో మూత మీద కొడతా. అప్పుడు దిగిరండి. అంతవరకూ ఇటువైపు రావద్దు."

ఎక్కాం. సగం దూరంలో ఫర్జామ్ బండరాయిని పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

"ఏంటి, బటన్ కోసం వెతుకుతున్నావా?" అన్నాను.

"పై అంతస్తుకి ఇంకెంతుందో ఎక్కడా రాసిలేదు గోలీ!"

మేజోళ్ళు కొంచెం గుచ్చుకున్నాయి, చాలా వెచ్చగా ఉన్నాయి. ఇంకో మలుపు తిరిగేసరికి పూలలో ఉన్నాం.

ఆ ఎరుపుకి పేరు పెడదామని చూశాను. మా ల్యాబ్‌లో ఉన్న ఎరుపులన్నీ వరసగా తలుచుకున్నాను. ఏదీ కాదు. రేకుల వెనకనుంచి ఎండ వస్తోంది. నీడ పడితే ఒక రంగు, గాలికి తిరగబడితే ఇంకో రంగు. పట్టుకుని డబ్బాలో పెట్టేది కాదది. ఇద్దరం ఓ చదును రాతి మీద కూర్చున్నాం. ఎదురుగా దమావంద్. కింద చిన్న చుక్కలా అత్తయ్య గొడుగు. ఫర్జామ్ కీరదోసకాయ చెక్కి, ఉప్పు జల్లి, నాకిచ్చాడు. వద్దనలేదు, ఒక్కసారి కూడా అనలేదు. కరకరా తిన్నాను. అతను నా భుజం మీద తల వాల్చాడు. జుట్టులో ఓ ఎర్ర రేకు చిక్కుకుని ఉంది. తీయలేదు.

కింద నుంచి టంగు టంగుమని చప్పుడొచ్చింది. గరిటె, మూత.

ఫర్జామ్ ఒక్క ఉదుటున లేచాడు. "అత్త పిలుస్తోంది. పద, పద!"

చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఎక్కడికి?"

"భోజనానికి!"

"పిలిచిన మొదటిసారే పరిగెత్తుతారా ఎవరైనా? ఏమనుకుంటారు? కాస్త మర్యాద నేర్చుకో," అన్నాను.

అతను నావైపు చూశాడు. మెల్లగా అర్థమైంది. మళ్ళీ కూర్చుని, తల యథాస్థానంలో పెట్టాడు.

కాసేపటికి రెండోసారి చప్పుడొచ్చింది. ఈసారి కొంచెం గట్టిగా. మేం కదల్లేదు. మూడోది మాత్రం చాలాసేపటిదాకా రాలేదు. కిందికి తొంగి చూశాను. తూరాన్ అత్తయ్య గరిటె పక్కన పెట్టేసి, గొడుగు నీడలో కాళ్ళు చాపుకుని, దమావంద్‌ని చూస్తూ నింపాదిగా టీ తాగుతోంది.