పళ్లు తోమించుకున్న గొర్రె

1961లో నాకు ఇరవై ఆరేళ్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లలో సినిమాలు చూపించే సర్కారు వ్యానులో ఆపరేటర్‌ని. టెలివిజన్ అన్న మాట మావైపు ఇంకా ఎవరూ వినలేదు. పల్లె జనం కదిలే బొమ్మ చూడాలంటే పట్నానికైనా పోవాలి, లేదా మా వ్యానైనా వాళ్ల ఊరికి రావాలి.

ప్రొజెక్టర్ తిప్పడమే నా ఉద్యోగం. అంతటితో ఆగే మనిషిని కాను. హార్మోనియం వాయించేవాణ్ని, కృష్ణుడి వేషం కట్టేవాణ్ని, సైన్‌బోర్డులు రాసేవాణ్ని, పద్యాలు పాడేవాణ్ని. ఏది ఎంత వచ్చో ఎవరూ అడగలేదు గనుక అన్నీ వచ్చనే అనుకున్నాను. నా రేకు పెట్టె మీద ఎర్ర రంగుతో ‘దశరథం, సకల కళా ప్రవీణుడు’ అని నేనే రాసుకున్నాను. డ్రైవర్ సైదులు ఆ పెట్టె మీద కూర్చొనే అన్నం తినేవాడు.

మాకొచ్చే సినిమాల్లో మాటలు ఇంగ్లీషులో ఉండేవి. వాటి గొంతు తగ్గించి, ఆఫీసు పంపిన కాగితం చూస్తూ నేను మైకులో తెలుగులో చెప్పాలి. ఆ కాగితాల్లోని తెలుగు నాకే సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాని చోట గొంతు పెంచేవాణ్ని.

ఆ ఏడు కార్తీకంలో మోత్కూర్ దగ్గర ఒక ఊళ్లో ఆగాం. ఊళ్లో సగం ఇళ్లు గొర్రెలు కాసుకునేవాళ్లవే. మధ్యాహ్నమే రీలు ఒకసారి చూసుకోవాలని మాకు రూలు. ఆ టైములో నేను సర్పంచి వాకిట్లో పద్యాలు వినిపిస్తున్నాను. ఆయన రెండో పద్యానికే కునుకు తీశాడు, నేను ఏడోదాకా పాడాను.

పొద్దు గూకగానే పరద కట్టి, జనరేటర్ వేసి, జపాన్ పద్ధతి వరిసాగు కాగితం చేతిలో పట్టుకొని మైకు ముందు నిలబడ్డాను. పరద మీద వరి రాలేదు. గొర్రెలు వచ్చాయి. నేను తెచ్చింది వేరే సినిమా డబ్బా.

సినిమా ఆపి తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. కానీ పెట్టె మీద రాసుకున్నవాడికి అది ఎట్లా చేతనవుతుంది? కాగితం జేబులో పెట్టుకొని సొంతంగా మొదలుపెట్టాను. పరద మీద ఒక మనిషి గొర్రె నోరు తెరిచి గొట్టం పెట్టాడు. అక్కడి రైతులు జీవాలకు ప్రతిదినం దంతధావనం చేయిస్తారని చెప్పాను. జనం కిక్కురుమనలేదు. నా మాటలకు మైమరిచారనుకున్నాను. తర్వాత దవడ కింద ఉబ్బిన గొర్రె ఒకటి కనబడింది. పౌష్టికాహారం వల్ల అది ఎంతగా బలిసిందో చూడండని అన్నాను.

అప్పుడు ముందు వరసలోంచి యాభై ఏళ్ల ఆడమనిషి లేచి నిలబడింది. ఆమె పేరు సుక్కమ్మ. భర్త ఐలేశం కాలు విరిగి మంచంలో ఉంటే రెండు నెలలుగా మందను ఒక్కతే కాస్తోందని తర్వాత తెలిసింది.

“గది బలుపు కాదు కొడుకా, రోగం,” అంది. “దవుడ కింద నీరు దిగింది, కండ్లు తెల్లగైనయి. గాయిన పళ్లు తోముతలేడు, గొట్టంతోని మందు తాపుతుండు.”

అంతవరకు బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటికొచ్చింది. సైదులు జనరేటర్ వెనక్కి పోయి నవ్వాడు. ఏం చేయాలో తోచక, నీకే తెలుసు గదా అవ్వా, నువ్వే చెప్పమని మైకు ఆమె చేతిలో పెట్టాను. చెప్పలేక కూర్చుంటుందని లోపల ఆశ.

ఆమె జనంతో మాట్లాడలేదు. పరద మీది మనిషితో మాట్లాడింది.

“ఓ అయ్యా, తల గంత పైకెత్తకు. మందు ఊపిరిల పడి జీవం సస్తది. ముట్టె నేలకు సమంగ పట్టు. ఇగ మెల్లగ పొయ్యి.”

సరిగ్గా అదే క్షణంలో పరద మీది మనిషి గొర్రె తల కిందికి దించాడు. ఆమె మాట విన్నాడనే జనం అనుకున్నారు. ఇక ఆమె చెబుతుంటే రీలు అయిపోయేదాకా ఎవరూ కదలలేదు.

వారం తిరగకముందే, ఆ రాత్రి ఊళ్లో లేని గ్రామసేవకుడు మా ఆఫీసరుకు ఉత్తరం రాశాడు. సినిమా చూసినవాళ్లంతా మందు కోసం పశువుల దవాఖాన ముందు వరస కట్టారనీ, మీ కళాకారుడి వ్యాఖ్యానం మహాద్భుతమనీ అందులో ఉంది. ఆఫీసరు నన్ను పిలిచి మెచ్చుకున్నారు. ఆ మాటలే హైదరాబాదులో రికార్డు చేయించి రీలుతో పాటు అన్ని ఊళ్లకూ పంపుదామన్నారు. సుక్కమ్మ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

రికార్డింగు గదిలో ఆమె మాటలే చెప్పాను, నా గొంతుతో. ‘ఓ అయ్యా’ అనగానే రాయబారంలో కృష్ణుడు దిగాడు. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి, రికార్డు చేసేటాయన చెవులకున్నవి తీసి పక్కన పెట్టి, ఇంతకూ రోగం గొర్రెకా, మాట్లాడేవాళ్లకా అని నెమ్మదిగా అడిగారు. బయటికొచ్చి ఆఫీసరుకు ఉన్నదంతా చెప్పేశాను. ఆయన, పోయి ఆమెను తీసుకురమ్మన్నారు.

సుక్కమ్మ కోపం చేసుకోలేదు. పట్నం రావడానికీ అభ్యంతరం చెప్పలేదు. “నేనొస్తే జీవాలను ఎవలు కాయాలె?” అని మాత్రం అడిగింది. నేనున్నానని నా నోటి నుంచే వచ్చింది. ఆమె తన ఆడబిడ్డ సత్తమ్మను తోడు తీసుకొని సైదులు పక్కన కూర్చుంది. వ్యాను పోయింది. నేనూ నలభై రెండు గొర్రెలూ మిగిలాం.

ఆ రెండు రోజుల సంగతి క్లుప్తంగా చెబుతాను. నేను అదిలిస్తే అవి నిలబడేవి, నిలబెడితే పోయేవి. పద్యమెత్తుకుంటే మూకుమ్మడిగా కురుమయ్య అనే రైతు జొన్నచేలో పడ్డాయి. ఆయన కర్ర పట్టుకొని వచ్చాడు గానీ, నా వాలకం చూసి జాలిపడి తానే తోలి ఇచ్చాడు. సాయంత్రం మంద ఇల్లు చేరిందంటే దానికి దారి తెలుసు గనుక. నేను దాని వెంట నడిచాను.

తిరిగొచ్చాక రికార్డింగు ఎట్లా అయిందని అడిగాను. “ఒక్కసారే చెప్పిన,” అంది సుక్కమ్మ. “మల్లొకసారి చెప్పుమన్నరు. ఎందుకు, ఇనలేదా అన్న.” మంద చుట్టూ ఒకసారి తిరిగి, ఒక గొర్రె కాలు కుంటుతోందని పట్టేసి, ముల్లు తీస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఏ ఊరికి పోయినా మధ్యాహ్నమే రీలు చూసి, ఆ పని తెలిసిన మనిషిని వెతికేవాణ్ని. కుమ్మరి సినిమాకు కుమ్మరి, బావుల సినిమాకు బావులు తవ్వేవాడు మాట్లాడారు. వాళ్లను ఒప్పించడం, తడబడితే ధైర్యం చెప్పడం నా పని అయింది. అది పనేనని గుర్తించడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది.

సుక్కమ్మ గొంతున్న రీలు రెండు జిల్లాలూ తిరిగింది. ఆటకు ముందు మైకులో, సప్పుడు చేయకుండ్రి, సినిమా మొదలైతాంది అని చెప్పడం ఒక్కటే నా వంతు. కొల్లాపూర్‌లో ఆట అయిపోయాక ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, గొర్రెలామె బాగా చెప్పింది గానీ ముందు మాట చెప్పినాయన గొంతు జర సాఫ్ చేసుకోవాలన్నాడు. మర్నాటి నుంచి ఉప్పునీళ్లు పుక్కిలించడం మొదలుపెట్టాను.