సీసము చెప్పిన సంఖ్య

శిశిరర్తు ప్రాతస్సమయమున హిమధవళశిఖరపరంపరలపై బాలాతపము పలుచగాఁ బ్రసరించుచుండఁగా ఆ పర్వతపాదోపాంతమునందలి లోయలో నేలకు నూఱుబారల యడుగున అమితజవమునఁ బరుగిడు ప్రోటానుకణములు సీసపుఁ బరమాణుకేంద్రకములను దాఁకి సహస్రధా చెదరుచుండెను. ఆ యభిఘాతమునఁ బుట్టిన శక్తిని గొలుచుటకై చుట్టును బదివేల స్ఫటికములతో శక్తిమాపకమొకటి యమర్పఁబడియుండెను. కణము దాఁకినపుడు స్ఫటికము మెఱయును. ఆ మెఱుపుల మొత్తమే శక్తి.

ఆ శక్తిమాపకమునకుఁ గాపుదల ముక్తేవి హైమవతిది. ఆమె గురువు ఆచార్య కంభంపాటి అనంతశయనముగారు. సీసమువంటి బరువైన కేంద్రకముఁ జొచ్చిన యొంటి ప్రోటాను సైతము అసాధారణతాపమును బుట్టింపఁగలదని యాయన ముప్పదియేండ్లుగా మొత్తుకొనుచుండెను గాని చెవినిడినవారు తక్కువ. ఈ యేఁడు హైమవతి కొలఁతలో అనుకొన్నదానికి రెట్టింపు శక్తి కానవచ్చెను. మఱునాఁడు విద్వత్సభలో దానిఁ బ్రకటించి యాయన యుద్యోగవిరమణముఁ జేయనుండెను. ఆ సంతోషమున ముసలాయనకుఁ గాళ్లు నేలమీఁద నిలుచుటలేదు.

శూన్యమును గొలుచుట చదువరులకు వింతగాఁ దోఁపవచ్చును. కాని యే కణమును దాఁకకున్నను ప్రతిస్ఫటికమును గొంత గొణుగుచునే, అనఁగా లేని మెఱుపును గొంత చూపుచునే యుండును; ఆ గొణుగు మొత్తమునకే శూన్యమని పేరు. ఆ గొణుగును ముందుగాఁ గొలిచి పిదపఁ దీసివేయవలయును. ప్రోటానులు ప్రోటానులనే దాఁకిన మాసములలో హైమవతి దానిని దినదినమును దప్పక కొలిచెను. సీసమునకు దొరకిన దినములు పదియే. క్షణమైనను వృథా కాఁగూడదని యాచార్యుఁడు తొందరపెట్టి మొదటినాఁటి శూన్యమే పదిదినములకును జాలుననెను. ఆమెయుఁ దల యూఁచెను.

ఆనాఁటి యపరాహ్ణమున సభకై పటములు సిద్ధపఱుచుచు హైమవతి, ఎందులకో యేమో, సీసపుదినములలో ఏ తాఁకిడియు లేని క్షణములను వెదకి చూచెను. యంత్రశాల వేఁడెక్కినకొలఁది గొణుగు పెరిగియుండెను. ఒక్కొక్క స్ఫటికమునఁ జిటికెఁడే. పదివేలును గూడినచో గంపెఁడు. దానిఁ దీసివేయఁగా ఆచార్యుని రెట్టింపు కాస్తయు మాయమయ్యెను. ముమ్మాఱు లెక్కించినను ఫలమదియే.

నోరు మెదపకున్నఁ జాలును; ఈ పొరపాటు మఱియొకరికిఁ దెలియుటకు నాలుగైదేండ్లు పట్టును; అంతవఱకు గురువునకు వెలుఁగే. ఈ తలంపు రానేలేదనుట బొంకు. వచ్చినది, ఆమెతోఁగూడ ఆచార్యుని గదివఱకు మెట్లన్నియు నెక్కినది. కాని యాచార్యుఁడు గదిలో నిటునటుఁ దిరుగుచుఁ దన యుపన్యాసమును మననముచేసికొనుచుండఁ జూచి, ఆ ముఖము నెదుట మోసమునకు మనసొప్పక ఆమె కాగితమును బల్లపైఁ బెట్టెను.

ఆయన దానిని మొదటినుండి తుదివఱకు రెండుసార్లు చదివెను. ఇది యింకెవరికైనఁ దెలియునా యని యడుగఁగా దాఁచుమనునేమో యని యామె భయపడుచునే తెలియదనెను.

“రేపు సభలో నీవే చెప్పుము తల్లీ. నేను చెప్పినచో ముసలివాని యౌదార్యమని చప్పట్లు కొట్టి మఱతురు. నీవు చెప్పితివేని యిఁకమీఁద నీవు పలికిన ప్రతిసంఖ్యను నమ్ముదురు.”

“మీ ముప్పదియేండ్ల మాటను నా నోటఁ గాదనిపింతురా గురువుగారూ?”

“కాదన్నది సీసము. దాని మాటను నీవు వినిపింపుము, అంతియే.”

హైమవతికి దుఃఖము పొర్లుకొని వచ్చెను. ఆచార్యుఁడు కిటికీవైపు మరలి చాలసేపు కన్నులు తుడుచుకొనెను.

మఱునాఁటి యుదయమున సభ క్రిక్కిఱిసెను. హైమవతి వేదికనెక్కి ముందు పెద్దసంఖ్యను జూపి, అది తప్పనియు శూన్యమును గొలువక తాము చేసిన దోషమనియుఁ దడఁబడక చెప్పెను. ముందువరుసనుండి యనంతశయనముగారు లేచి, “కొలువవద్దన్నవాఁడను నేను, ఆమె కాదు” అని చెప్పి కూర్చుండిరి. సభలో నలుగడల గుసగుసలు లేచెను.

అప్పుడు వెనుకవరుసనుండి వృద్ధశాస్త్రవేత్త యొకఁడు లేచెను. ఆచార్యుని సంఖ్య నొక్కదానినైనను అతఁడెన్నఁడును దన పుస్తకమున నెక్కించుకొని యెఱుఁగఁడు. తీసివేయఁగా మిగిలిన శక్తి యెంతయని యడిగెను. హైమవతి సంఖ్యను, అందుఁ దప్పుండఁదగిన మేరను జెప్పెను.

అతఁడు కలము తీసి దానిని వ్రాసికొనెను.