పొద్దుటి చప్పుడు

ఆ కారు రోగమంతా పొద్దున్నే మొదటిసారి తాళం తిప్పినప్పుడే. చప్పుడు చేసినంత చేసి, రెండు వీధులు దాటేసరికి బుద్ధిమంతురాలైపోతుంది. మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే కిమ్మనదు. ఫోనులో రికార్డు చేస్తే గరగర తప్ప ఏమీ వినపడదు. ఇంట్లో అల్లరి చేసి, చుట్టాల ముందు చేతులు కట్టుకు నిలబడే పిల్లల బాపతు బండి అది.

ఇన్నేళ్లూ ఆ కారు నడిపే అతనికి ఆ బెంగ లేదు. భార్య ఉంది కదా! షెడ్డులో దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పొద్దుటి చప్పుడును అచ్చుగుద్దినట్టు దించేసేది. "కిర్ర్ర్... కీచ్!" మెకానిక్ పొట్ట పట్టుకుని నవ్వి, "బెల్టు వదులైందక్కా" అని తేల్చేవాడు. "నలుగురిలో ఏమిటా కూతలు, నోరు మూసుకో" అని అతను విసుక్కునేవాడు. పాడు నోరు అతనిదే! అన్నట్టే అయింది. కొన్ని నెలల కిందట పక్షవాతం వచ్చి ఆవిడ కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాటా పోయింది.

ఇప్పుడు బండికి కొత్త చప్పుడు పట్టుకుంది. మాట తిరిగి రావాలంటే రోజూ ఆసుపత్రిలో వ్యాయామం చేయించాలి. మానేస్తే ఆశ వదులుకోమంది డాక్టరమ్మ. దారిలో బండి మొరాయిస్తే ఆవిణ్ణి ఎత్తుకుని వెళ్లగలడా? అందుకే ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తూ షెడ్డు ముందు ఆపాడు.

"చప్పుడు ఎలా ఉంటుంది బావగారూ?"

అతను గొంతు సవరించుకుని, "గుర్... గుర్..." అన్నాడు.

"అది మీ గురకలా ఉందండీ."

అప్పుడే ముందు సీట్లోంచి, "గ్ర్... ఊఁ... గ్ర్..." అని వినిపించింది.

అతని గుండె గంతులేసింది. "విన్నావా! మీ అక్క చప్పుడు దించుతోందయ్యా!"

మెకానిక్ కిటికీలోకి వంగాడు. "ఇంకోసారి అక్కా!"

ఆవిడ ఇంకోసారి అంది, ఈసారి గట్టిగా. ఎడమచేత్తో తలుపు మీద టకటకా కొట్టింది.

"టకటక కూడా ఉందన్నమాట. అయితే బేరింగే!"

ఇద్దరూ బానెట్ ఎత్తి తలకాయలు లోపల పెట్టారు. అవతల ఆవిడ మళ్లీ అంది, మళ్లీ కొట్టింది. "దొరికిందిలే అక్కా, నీకు తిరుగులేదు!" అని మెకానిక్ లోపల్నుంచే కేకేశాడు. అతనికి కళ్లు చెమర్చాయి. ఇన్ని నెలల తర్వాత తన మనిషి తనకు తిరిగొచ్చింది.

బానెట్ మూసేసరికి ఆవిడ చప్పుడు ఆగిపోయింది. మెచ్చుకుందామని అతను నవ్వుతూ తలుపు తీశాడు. ఆవిడ బట్టలు తడిసిపోయాయి. సీటు అంచు నుంచి కింది చాప మీదికి చుక్కలు కారుతున్నాయి. మెకానిక్ చటుక్కున అటు తిరిగి, ఏదో పని ఉన్నట్టు షెడ్డులోకి వెళ్లిపోయాడు.

"అయ్యయ్యో, ముందే చెప్పొచ్చు కదే!" ముప్ఫై ఏళ్ల అలవాటు, నోరు జారాడు.

ఆవిడ తలెత్తి అతని వంక చూసింది. ఎడమచెయ్యి ఇంకా తలుపు పిడిని పట్టుకునే ఉంది.