మూడోసారి అనకముందే

చిన్నమైకు యార్డులో ఉదయం వేలంపాట ముగించుకుని, తలమీది ఉల్లిపొట్టు కూడా దులుపుకోకుండా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఖాళీ ఫ్లాస్కు.

"అత్తయ్యా, కాస్త కషాయం పెట్టి పుణ్యం కట్టుకో. గొంతు బొత్తిగా మాట వినడం లేదు."

మాట సగం గాలిగా, సగం గరగరగా వచ్చింది. తడిసిన గోనెసంచిని గచ్చుమీద ఈడ్చినట్టుంది. గిన్నెలు కడుగుతున్న ఆమె చెయ్యి కుళాయి కింద అలాగే ఆగిపోయింది. ఆ చప్పుడు ఆమెకు కొత్తది కాదు. ఒక వానాకాలం, ఒక చలికాలం పక్కనే పడుకుని విన్నది.

"ఎప్పట్నించి రా?"

"మొన్న సరుకు విరగబడి వచ్చింది చూడు, అప్పట్నించి."

"అది ఎండలు ముదరకముందు మాట. ఇప్పుడు వానలు పడుతున్నాయి."

"అదేలే. తెమడ పట్టింది, తెగి చావడం లేదు. నీ కషాయం రెండు పూటలు పడితే ఖంగున మోగుతుంది."

"కషాయం లేదు. ఆస్పత్రికి వెళ్ళు."

వాడు నవ్వబోయి దగ్గాడు. "అల్లం లేదా? తెచ్చిస్తాను. యార్డులో ఉండి అల్లానికి కరువా?"

"అల్లం ఉంది. మిరియాలున్నాయి. తేనె ఉంది. నేను పెట్టను."

చిన్నమైకు ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. ఫ్లాస్కు మూత తిప్పాడు, మళ్ళీ బిగించాడు.

"నాకు తెలుసులే అత్తయ్యా. మావయ్య బల్ల నేను ఎక్కాను. అది నీకు గుచ్చుకుంటోంది."

అనేసి వాడు వెళ్ళిపోయాడు. పక్కగదిలో కుర్చీ కిర్రుమంది. ఆమె భర్త అంతా విన్నాడు. వినడానికి ఆయనకు ఏ లోటూ లేదు.

ఉల్లిపాయల యార్డులో వేలం పెట్టేవాడాయన. బల్ల ఎక్కి ఒక్కసారి గొంతు సవరించుకుంటే ఆ కొసన లారీ మీద నిద్రపోతున్న డ్రైవరు లేచి కూర్చునేవాడు. అందుకే యార్డంతా ఆయన్ని మైకు అనేది. ఒకసారి ఆఫీసువాళ్ళు నిజం మైకు కొనిచ్చారు. ఒక్క పూట వాడి, "ఇది నా గొంతుని చిన్నబుచ్చుతోంది" అని తిరిగిచ్చేశాడు. ఆయన చెల్లెలి కొడుకు పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు కనక వాడు చిన్నమైకు.

ఉల్లిపొట్టు దుమ్ము మామూలు దుమ్ము కాదు. పల్చగా లేచి గొంతులో పొరలా అంటుకుంటుంది. పైగా పాటకూ పాటకూ మధ్య ఆయనకొక సిగరెట్టు. అందుకని పెళ్ళైన కొత్తలోనే ఆమె కషాయం మొదలుపెట్టింది. అల్లం చితక్కొట్టి, మిరియాలు నలిపి, చిటికెడు పసుపు వేసి, నీళ్ళు సగానికి మరిగాక దించి, చల్లారుతుండగా తేనె. వేడిమీద తేనె కలిపితే ఆమెకు కోపం. ఆయన తాగి, ఖాళీ గ్లాసు కింద పెట్టి, ఒక్కసారి గొంతు సవరించుకునేవాడు. తెమడంతా కదిలి గొంతు శుభ్రపడేది. ఆ చప్పుడుతో వీధి నిద్రలేచేది. ఆలస్యమైతే గ్లాసుతో నేలమీద కొట్టి, యార్డులో కొట్టినట్టే, "ఒకటోసారి... రెండోసారి..." అనేవాడు. మూడోసారి అనకముందే ఆమె పొయ్యాలి. ఎప్పుడూ పోసింది.

తర్వాత్తర్వాత కాటా మనిషికి, హమాలీలకు, రాత్రంతా లారీ నడిపి వచ్చినవాళ్ళకు కూడా ఆ గిన్నెలోంచే పోసేది. వాళ్ళు ఆమెకు కషాయమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు లోపల చాలా ఇష్టం. బయటికి మాత్రం, "నేనేమన్నా చేదుగా ఉన్నానా?" అని కసిరేది.

ఆయన గొంతు బొంగురు పోయినప్పుడు కూడా ఆమె కషాయమే ఇచ్చింది. తగ్గకపోతే మిరియాలు పెంచింది. వాము వేసింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది. "ఒకసారి ఆస్పత్రికి వెళ్ళొద్దామా?" అని ఒక రోజు అడిగింది కూడా. "నా ఆస్పత్రి వంటింట్లో ఉండగా బయటికెందుకే?" అన్నాడు. ఆ మాటకు ఆమె సిగ్గుపడి నవ్వింది. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వే ఆమెకు నిప్పులా తగులుతుంది. కషాయం పనిచెయ్యకపోయినా బాగుండేది. తాగినప్పుడల్లా గంటసేపు గొంతు తేలికయ్యేది. ఆ తేలిక కొంప ముంచింది.

చివరికి ఆస్పత్రిలో డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అని అడిగాడు. కోప్పడలేదు, ఊరికే అడిగాడు. "కషాయం ఇచ్చానండీ" అంది. డాక్టరు ఇంకేమీ అనలేదు. ఏదైనా అనుంటే ఆ మాటను పట్టుకుని ఏడ్చి ఊరుకునేది.

స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిల్లు పెట్టారు. ఊపిరి ఇప్పుడు అటే వెళ్తుంది, అటే వస్తుంది. తెమడ కూడా అటే వస్తుంది. దానిమీద పల్చటి గుడ్డ కట్టుకుని ఉంటాడు. రోజూ ఆమె నీళ్ళు మరిగించి, ఆవిరి ఆ చిల్లుకి తగిలేలా పట్టుకుంటుంది. వంటింట్లోంచి ఆయన గొంతుకు చేరేది ఇప్పుడు అదొక్కటే. ముక్కులోంచి గాలి ఆడదు కనక వాసనలు పోయాయి. అల్లం నలిపినా, అన్నం మాడినా ఆయనకు ఒకటే. కషాయం గిన్నెను ఆమె తుడిచి, అటకమీద బోర్లించింది. నన్ను తప్పుపడుతున్నారా అని ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. గొంతున్న మనిషి కాదంటే నమ్మొచ్చు. చెయ్యి ఊపితే ఏం నమ్ముతుంది?

చిన్నమైకు వచ్చి వెళ్ళిన వారం తిరక్కుండా కాటా మనిషి కూరగాయల సంచి ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"కషాయమ్మా, చిన్నమైకు సంగతి విన్నావా? నువ్వు పెట్టకపోతేనేం, వాడే పెట్టుకుంటున్నాడు. యార్డు వెనక పొయ్యి రాజేసి, అల్లమూ మిరియాలూ. నీ దగ్గర నేర్చిందేగా. మొన్న పాటలో వాడు ఏ అంకె అన్నాడో సగంమందికి తెలియలేదు. మైకు పోయి గాలిగొట్టం వచ్చిందని నవ్వుతున్నారు."

నాలుక కరుచుకున్నాడు. పక్కగది గుమ్మంలో ఆమె భర్త నిలబడి ఉన్నాడు.

"నా నోరు పడిపోను. నిన్ను కాదన్నా" అంటూ సంచి అక్కడే వదిలేసి జారుకున్నాడు.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "నేను పెట్టకపోతే వాడు ఆస్పత్రికి వెళ్తాడనుకున్నాను. నా చేతి కషాయాన్నే నామీదకు తెచ్చుకున్నానయ్యా. వాడు నా మాట వినడు. వాడి దృష్టిలో నేను కుళ్ళుబోతుదాన్ని" అంది.

ఆయన లోపలికి వెళ్ళి, బీరువాలోంచి యార్డుకు తొడుక్కునే చొక్కా తీసి, మడత విప్పి, కుర్చీ మీద వేశాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ యార్డుకు వెళ్ళారు. ఆపరేషన్ తర్వాత ఆయన ఆ గేటు దాటలేదు. దారిలో పాతవాళ్ళు పలకరించబోయి, ఏం పలకరించాలో తోచక చేతులు మాత్రం ఎత్తారు. బల్లమీద చిన్నమైకు బస్తాల వరసకు పాట మొదలుపెడుతున్నాడు. నరాలు ఉబ్బుతున్నాయిగాని మాట ముందువరస దాటడం లేదు.

ఆయన బల్ల ఎక్కాడు. చిన్నమైకు బెదిరి పక్కకు జరిగాడు. "ఏంటి మావయ్యా?"

ఆయన మెడమీది గుడ్డ విప్పేశాడు.

ఇంట్లో చుట్టాలొస్తే గోడవైపు తిరిగి కూర్చునే మనిషి. ఆమె ఒక్కతే చూసిన ఆ చిల్లు అంతమంది ముందు, పొద్దుటి వెలుగులో తెరుచుకుంది. ఊపిరికి దాని అంచులు కదులుతున్నాయి. ఇంతలో దగ్గు వచ్చింది. నోటినుంచి కాదు, అక్కడినుంచి. తెమడ ఎగిరి చొక్కామీద పడింది. ఎప్పుడూ గుడ్డ అడ్డుపెట్టుకునేవాడు, ఈసారి పెట్టుకోలేదు. ముందువరసలో ఒకడు తల తిప్పేసుకున్నాడు. ఆమె మాత్రం తల తిప్పుకోలేదు.

ఆయన వేలితో చిన్నమైకు గొంతు చూపించాడు. తర్వాత వేలం కొట్టే చెక్క అందుకుని బల్లమీద కొట్టాడు. ఒకటోసారి. ఆగి, మళ్ళీ కొట్టాడు. రెండోసారి. చెక్క మళ్ళీ ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేదు.

మూడో దెబ్బ పడ్డాక నోరు తెరిచినవాడికి సరుకు రాదని ఆ యార్డులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

చిన్నమైకు ఆ చేతిని చూశాడు, ఆ చిల్లును చూశాడు. "వెళ్తాను మావయ్యా. ఇప్పుడే వెళ్తాను. అది కప్పుకో ముందు" అన్నాడు. బల్ల దిగుతూ ఏడ్చాడు.

ఇంటికి వచ్చాక ఆమె ఆ చొక్కా నానబెట్టింది. ఆయన రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొన్నాళ్ళకు ఆమె ఆడపడుచు తన కొడుకు చిన్నమైకును వెంటబెట్టుకుని వచ్చింది. గుమ్మం ఎక్కుతూనే మొదలుపెట్టింది. అన్నకు తగిన చెల్లెలు, గుసగుస అనేది ఎరగదు.

"వదినా, గండం గడిచింది. చిన్న మచ్చ ఉందిట, తీసేశారు. వీణ్ణి నోరు మెదపొద్దన్నారు. వీడు పుట్టాక నా ఇంట్లో ఇంత ప్రశాంతం ఇదే మొదలు. ఎంత మంచి వేళకి వచ్చావయ్యా అన్నాడు డాక్టరు. ఇంకొన్నాళ్ళు ఆ కషాయాలూ అవీ తాగుతూ కూర్చుంటే అచ్చం అన్నయ్యలాగే..."

మాట అక్కడ తెగింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కాని అప్పటికే అనేసింది.

చిన్నమైకు తల్లి మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆమె భర్త కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

ఆమెకు సంతోషం నిజంగానే కలిగింది. దానికింద ఇంకొకటి కదిలింది. ఇన్నాళ్ళూ ఆమె ఒక మూల దాచుకున్న మాటొకటి ఉంది. ఎప్పుడు వెళ్ళినా ఇంతే అయ్యేదేమో, ఆయన రాత ఇదేనేమో అని. ఎదురుగా పిల్లవాడు గొంతుతో సహా కూర్చుని ఉన్నాడు. ఇక ఆ మాట చెల్లదు.

"ఏమనుకోకు వదినా" అంది ఆడపడుచు, గొంతు తగ్గించి. "గోరువెచ్చగా ఏదైనా తాగొచ్చన్నారు, తెమడ పట్టకుండా. నీ కషాయం తాగొచ్చా అని వీడు కాగితంమీద రాసి మరీ అడిగాడు. నిక్షేపంగా తాగమన్నారు. నీకిష్టమైతేనే."

చిన్నమైకు ఫ్లాస్కు తేలేదు. ఖాళీ చేతులు రెండూ ముందుకు పెట్టి, చిన్నప్పుడు తాయిలానికి పట్టినట్టు పట్టాడు.

ఆమె ముక్కాలిపీట వేసుకుని అటకమీంచి గిన్నె దించింది. దుమ్ము కడిగింది. అల్లం చితక్కొట్టింది, మిరియాలు నలిపింది. నీళ్ళు సగానికి వచ్చాయి. ఘాటు గదినిండా కమ్ముకుంది. ఆయనొక్కడికి మాత్రం తెలియలేదు.

పిల్లవాడికి గ్లాసులో పోసి ఇచ్చి ఇటు తిరిగేసరికి నేలమీద టక్కున చప్పుడైంది. ఆయన కుర్చీలోంచి వంగి తన పాత గ్లాసుతో కొట్టాడు. ఆగి, మళ్ళీ కొట్టాడు.

"మీకెందుకు? రుచి తెలియదు, వాసన తెలియదు" అంది.

ఆయన గ్లాసు మళ్ళీ ఎత్తాడు. అది మూడోసారి నేలకు తగలకముందే ఆమె వెళ్ళి పోసింది.

వేడి తప్ప ఇంకేం తెలిసిందో ఏమో, ఆఖరి గుక్కదాకా నిదానంగా తాగాడు. ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. వెన్ను నిటారు చేశాడు. పాత అలవాటు చొప్పున, పాటకు ముందు సవరించుకున్నట్టే, గొంతు సవరించుకున్నాడు.

చప్పుడేమీ రాలేదు. మెడమీది గుడ్డ ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ అణిగింది.