నాలుగోసారి కొట్టిన చప్పుడు

ఆదివారం ఉదయం పదిన్నరకు రుషికొండ దగ్గర, సముద్రం అడుగున, ప్రవీణ్ తన వీపు మీది గాలి సిలిండర్‌ను స్టీలు కడ్డీతో కొట్టాడు. ముందు ఈదుతున్న అతని భార్య అరుణకు ఆ చప్పుడు వినబడింది. ఆమె వెనక్కి తిరగలేదు.

తిరిగింది శివశంకర్. వాళ్లిద్దరినీ నీళ్లలోకి దించింది అతనే. అతను చూసేసరికి ప్రవీణ్ మాస్కు నిండా నీళ్లున్నాయి. పట్టుకోమన్న తాడు వదిలేసి చేతులు కొట్టుకుంటున్నాడు. శివశంకర్ అతన్ని చంక కింద పట్టుకుని పైకి తెచ్చాడు. పడవలోకి లాగేటప్పటికి ప్రవీణ్ ముక్కు నుంచి రక్తం కారుతోంది. విశాఖలోనే డాక్టరుకు చూపించారు. ఎడమ చెవి కర్ణభేరికి చిల్లు పడిందని, దానంతటదే మూసుకుంటుందని, అందాకా చెవిలో నీళ్లు పడనీయొద్దని ఆయన చెప్పాడు. చుక్కల మందు రాస్తూ అరుణను అడిగాడు.

"మీరు పక్కనే ఉన్నారటగా. ఆయన పిలవలేదా?"

జవాబు ప్రవీణ్ చెప్పాడు. "నేను కొట్టిన సార్. నీళ్లల్ల ఆమెకు ఇనబడలే."

డాక్టరు అరుణ వైపు చూశాడు. అరుణ తల ఊపింది.

ఆ తల ఊపడం వాళ్ల ఊరు పోతిరెడ్డిపల్లి దాకా ఆమెతోనే వచ్చింది. రైల్లో ప్రవీణ్ కుడివైపు తిరిగి పడుకుంటే అతని ఎడమ చెవిలో చుక్కలు వేసింది. ఇంటికి వచ్చాక రోజుకు మూడుసార్లు వేసింది. స్నానానికి పోయే ముందు చెవిలో దూది పెట్టింది. అతను అడగకముందే మజ్జిగ తెచ్చింది, అడగకముందే చొక్కా ఇస్త్రీ చేసింది. అతను "ఇయ్యాల పప్పుల ఉప్పెక్కువైంది" అంటే ఇదివరకు "రేపు నువ్వే వండు" అనేది. ఇప్పుడు పళ్లెం తీసుకుపోయి ఇంకో కూర వేసి తెచ్చింది.

నీళ్లలోకి దిగే ముందు శివశంకర్ చెప్పిన ప్రతి మాటా ఆమెకు గుర్తుంది. "మేడమ్ గారూ, లోపల మీవారిని పేరు పెట్టి పిలిచినా ఒకటే, తిట్టినా ఒకటేనండి, మాట ఉండదు. మీ ఇద్దరూ జంట. ఎవరికి ఏం కావాలన్నా ఇదిగో, ఈ కడ్డీతో సిలిండర్ మీద కొట్టండి. చప్పుడు ఎటు నుంచి వచ్చిందో నీళ్లలో తెలీదు. అందుకని వినబడగానే చుట్టూ తిరిగి చూసుకోవాలి. ముందు మీ జంట మనిషిని చూడాలి." ఇద్దరి మణికట్లకూ తాళ్లతో కడ్డీలు కట్టాడు. ప్రవీణ్ పడవలోనే తన కడ్డీతో సిలిండర్‌ను రెండుసార్లు కొట్టి, "ఏమే, ఇనబడుతుందా?" అని నవ్వాడు.

లోపల మొదటిసారి కొట్టినప్పుడు ఆమె వెంటనే తిరిగింది. ప్రవీణ్ బొటనవేలు పైకెత్తి శివశంకర్ చేతిలోని కెమెరాను చూపించాడు. పక్కకు వచ్చి ఫోటోకు నిలబడమని. నిలబడింది. రెండోసారి కొడితే తిరిగింది. ఇంకో ఫోటో. మూడోసారి అతని నడుము పట్టీ కొస ఊడి వేలాడుతోంది. అతను దాన్ని వేలితో చూపించి చేతులు పక్కకు పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె దగ్గరికి ఈదుకుంటూ పోయి ఆ కొసను లోపలికి దోపింది. ఇంట్లో అతని బ్యాగులో టిఫిన్ డబ్బా దోపినట్టే. అప్పుడే అరుణ అనుకుంది, సముద్రం అడుగుకు వచ్చినా ఇదేనా అని.

తర్వాత ఒక రాయి కింద చేప కనబడింది. ఒంటి మీద చారలున్నాయి. అది రెక్కలు విప్పుకుని ఉన్నచోటే ఉంది, ఎటూ పోవడం లేదు. అరుణ తాడు పట్టుకుని దాన్ని చూస్తూ ఆగింది. తన ఊపిరి తనకు వినబడుతోంది. నాలుగేళ్లలో ఆమె తన ఊపిరి విన్నది అప్పుడే. అప్పుడు నాలుగోసారి చప్పుడు వచ్చింది.

ఆ చప్పుడు ఫోటోది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. రుజువు ఎవరూ అడగరు, కానీ ఆమె దగ్గర రుజువుంది. నాలుగేళ్ల కింద అత్తమ్మ నర్సింహమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. అప్పటి నుంచి ఆమె ఎడమ చేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని ఇనప మంచం పట్టీ మీద కొట్టి పిలుస్తుంది. రెండు దెబ్బలు కొట్టి ఆపితే నీళ్లు. ఆగి ఆగి కొడితే టీ. సందు లేకుండా కొడుతూనే ఉంటే బెడ్‌పాన్. ఇది ఎవరూ చెప్పలేదు. అరుణ వంటింట్లోంచి వింటూ, పరుగెత్తుతూ, పొరపాటుపడి పక్కగుడ్డలు ఉతుకుతూ నేర్చుకుంది. ప్రవీణ్‌కు నేర్పబోతే, "అమ్మ ఏమడుగుతుందో నీకే సమజైతది. నాకన్నీ ఒక్కతీర్గనే ఇనబడ్తయ్" అన్నాడు. తెల్లవారుజామున లేవమంటే, "నిద్రల నాకు గ్లాసు చప్పుడే ఇనబడదే, కసం" అన్నాడు.

సముద్రంలో నాలుగోసారి వచ్చిన చప్పుడుకు సందు లేదు. నర్సింహమ్మ ఓర్చుకోలేనప్పుడు కొట్టినట్టు వచ్చింది. అరుణ విన్నది, అది ఏ చప్పుడో గుర్తుపట్టింది, చేపను చూస్తూ ఉండిపోయింది. కోపంతో కాదు. కోపమైతే ఈ వారం రోజులూ తనను తాను కొంత సమర్థించుకునేది. ఇంకొంచెంసేపు అనుకుంది, అంతే. ఆ ఇంకొంచెంసేపట్లో అతని ముక్కులోంచి రక్తం వచ్చింది. శివశంకర్ లేకపోతే ఏమయ్యేదో ఆమె అంట్లు తోముతూ ఆలోచించింది, కంపెనీ బస్సులో ఆలోచించింది, ల్యాబ్‌లో మాత్రలు తూకం వేస్తూ ఆలోచించి అంకె తప్పు రాసి మళ్లీ మొదటి నుంచి తూచింది.

విశాఖ ప్రయాణం అసలు ఆమెది. జిన్నారం దగ్గరి మందుల కంపెనీలో పదేళ్లు పనిచేసినందుకు ఇద్దరికి ఇచ్చిన టికెట్లు. పోయే ముందు రోజు మేనేజర్ కిష్టప్ప పిలిచి, "అరుణమ్మా, ల్యాబ్ ఫస్ట్ షిఫ్ట్ ఇన్‌చార్జిగా నీ పేరు రాస్త. వచ్చే శనివారం లోపట చెప్పు. లేకుంటే వేరేటోళ్ల పేరు పంపుత" అన్నాడు. ఫస్ట్ షిఫ్ట్ బస్సు తెల్లవారకముందే పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు వస్తుంది. నర్సింహమ్మ మొదటిసారి గ్లాసు కొట్టేదీ అప్పుడే. పగలు కిరాయికున్నవాళ్లు చూసుకుంటారు కానీ ఆ వేళకు ఎవరూ రారు. పొద్దున పూట అమ్మను నువ్వు చూసుకోవాలని ప్రవీణ్‌తో విశాఖలో చెప్పాలనుకుంది. ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకుంది. ఇప్పుడు దూది పెట్టిన చెవిలో ఆ మాట వేయడానికి ఆమెకు నోరు రాలేదు. శుక్రవారం దాకా కిష్టప్ప కనబడితే పక్క వరుసలోకి తప్పుకుంది.

హత్నూర నుంచి ప్రవీణ్ అక్క వచ్చి వాళ్లు విశాఖ పోయిన నాలుగు రోజులూ తల్లిని చూసుకుంది. తిరిగి పోతూ నడుము పట్టుకుని అంది: "అరుణా, నాతోని గాదమ్మా ఇగ. ఆ గ్లాసు చప్పుడుకు నాకు రాత్రంత గుండె దడ. ఎట్ల చేస్తున్నవో ఏమో." తమ్ముడిని చూసి, "నువ్వు గీ పనులకేం పనికొస్తవ్, చెవి గూడ పోగొట్టుకొని వస్తివి" అని నవ్వింది.

"నాదేముందక్కా, నీళ్లల్ల గూడ నా మాట ఇనదు మా ఆమె" అన్నాడు ప్రవీణ్. ఆ మాట అతను తన పనిలో షిఫ్టు వాళ్లతో అన్నాడు, కిరాయికున్న వాళ్లతో అన్నాడు, ఫోనులో అన్నాడు. అందరూ నవ్వారు. అన్నప్పుడల్లా అరుణ లేచి అతనికి టీ పెట్టింది.

శనివారం తెల్లవారుజామున గ్లాసు మోగింది. సందు లేకుండా.

అరుణ కాళ్లు అప్పటికే నేల మీద ఉన్నాయి. ప్రవీణ్ బాగున్న చెవి పైకి పెట్టి పడుకుని ఉన్నాడు. కళ్లు తెరవకుండా అన్నాడు.

"జెర జల్దీ పోవే. అది నీళ్లకు గాదు, బెడ్‌పాన్‌కు."

అరుణ లేవబోయి ఆగింది.

"ఎట్ల తెలుసు?"

"ఏంది ఎట్ల తెలుసు? నీళ్లకైతే రెండే కొడ్తది గద. టీకి ఆపి ఆపి కొడ్తది." ఆవులించాడు. "నాలుగేండ్ల సంది ఇంటలేనా?"

పక్క గదిలో గ్లాసు మోగుతోంది. అరుణ మంచం అంచున కూర్చుని ఉంది. నర్సింహమ్మ తప్పేం లేదని ఆమెకు తెలుసు. ఇంకొంచెంసేపైతే పక్కగుడ్డలు తడుస్తాయని తెలుసు. పరుగెత్తడానికి కాళ్లు లాగుతున్నాయి.

"నాకు గూడ ఇనబడ్డది" అంది.

"ఏంది?"

"రుషికొండ కాడ. నాలుగోసారి కొట్టినవ్ గద. ఇనబడ్డది. అది ఫోటోకు గాదని గూడ తెలిసింది. తిర్గలే."

ప్రవీణ్ కళ్లు తెరిచాడు. మోచేయి మీద లేచాడు.

"అంటే... నేను ఆడ సస్తుంటే..."

"ఆఁ. తప్పు జేసిన. నిద్ర పడ్తలేదు ఈ వారమంత."

అతను ఆమెనే చూశాడు. గ్లాసు మోగింది. తలుపు వైపు చూశాడు.

"అమ్మ కొడ్తుంది" అన్నాడు.

"ఇనబడుతుంది. నీకు గూడ ఇనబడుతుంది గద."

ఆమె కాళ్లు పైకి తీసుకుని మంచం మీద పెట్టుకుంది. రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుంది. గ్లాసు మోగుతూనే ఉంది. ప్రవీణ్ దుప్పటి తీసి అవతల వేశాడు. చెప్పులు వెతుక్కోకుండా లేచాడు. పక్క గదిలో లైటు వెలిగింది.

"అరుణా, బెడ్‌పాన్ ఏడుంటది?"

"మంచం కింద. గోడ దిక్కు."

ఆమె ఫోను తీసి కిష్టప్పకు మెసేజ్ పెట్టింది: "ఫస్ట్ షిఫ్ట్‌కు వస్తాను సార్."

పక్క గదిలో ప్లాస్టిక్ నేలకు రాసుకున్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత గ్లాసు చప్పుడు ఆగింది.