శివవ్వ ఊపిరి

నా కూతురు వత్సలకు నెల దాటినప్పటి నుంచి అయిదు నెలలు నిండేదాకా రోజూ నీళ్ళు పోసింది మా అత్త శివవ్వే. కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను మోకాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రుద్ది, వేడినీళ్ళు పోసి, చివర్లో ముక్కులోకీ చెవుల్లోకీ నోటితో ఊదేది. లోపల నీరు నిలవకూడదని. మా ఇంట్లో ఆ ఊదడం పెద్దవాళ్ళ పని, తల్లి ముట్టుకోకూడదు.

పిల్లకు నాలుగో నెల వచ్చేసరికి ఆవిడ రెండు నెలలుగా దగ్గుతోంది. ఏమైందని అడిగితే "ముసలి పానానికి దగ్గు గాక పాట అస్తదా?" అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఒకరోజు మాత్రం ఊదబోయి ఆగిపోయింది.

"దమ్ము సాల్తలేదు నళినీ. నువ్వే ఊదుకో బిడ్డా."

నాందేడ్ రైల్వే క్వార్టర్లలో కుళాయి పొద్దున గంటసేపు వస్తే గొప్ప. బిందెలు ఇంకా నిండలేదు. నాకు ఒళ్ళు మండింది.

"నేనెట్ల ఊదుత అత్తా? గది పెద్దోళ్ల పని గద! ఊదు జల్ది," అని కసిరాను. ఆవిడ ఊదింది. ఆ తర్వాత నెల రోజులు మారుమాట లేకుండా ఊదుతూనే ఉంది.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరు కార్తీకంలో ఆవిడ ఉమ్మిన కళ్ళెలో ఎర్రటి జీర కనబడింది. పార్సిల్ ఆఫీసులో పనిచేసే మా ఆయన రామచందర్ సెలవు పెట్టాడు. అందరం డాక్టర్ శంకర్రావు దగ్గరికి పోయాం. ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. క్షయ అని తేలింది.

మా మామ ఎట్లా పోయాడని డాక్టరు మరాఠీలో అడిగాడు. ముప్ఫై ఏళ్ళ కింద ఆ జబ్బుతోనే పోయాడని మా ఆయన చెప్పాడు. ఆ క్రిమి అప్పుడే ఆవిడ ఊపిరితిత్తుల్లో చేరి ఉంటుందన్నాడు డాక్టరు. వయసులో ఉన్నప్పుడు ఒంట్లో కాపలా కాసే కణాలు దాన్ని చుట్టుముట్టి కదలనివ్వలేదట. ఒంటితో పాటు ఆ కణాలూ ముసలివయ్యాయి, పట్టు సడలింది, అది నిద్ర లేచింది.

అప్పుడు ఆయన నా ఒళ్ళో ఉన్న పిల్లను చూశాడు. ఊదే సంగతి చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు. పుట్టగానే వేసే క్షయ టీకా వేయించారా అని అడిగాడు. పిల్ల ఇస్లాపూర్‌లో మా అమ్మ దగ్గర పుట్టింది, టీకా సంగతి ఎవరికీ తోచలేదు.

పిల్ల చేతికి సన్నటి సూదితో మందు ఎక్కించాడు. మూడో రోజు అక్కడ గట్టిగా ఉబ్బితే క్రిమి లోపలికి పోయినట్టేనట. "ఘాబరూ నకా" అన్నాడు. భయపడొద్దని ఆయన అన్నకొద్దీ నేను పిల్లను ఇంకా గట్టిగా హత్తుకున్నాను.

ఆ మూడు రోజులూ నేను మనిషిని కాను. గడియకోసారి పిల్ల చొక్కా చేయి పైకి తీసి చూశాను. రెండో రోజుకే ఎర్రబడింది. దోమ కుట్టిందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్ల తుమ్మితే చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని, తుమ్మకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అత్తకు డాక్టరు రాసిన మందులు మొదలుపెట్టాం, ఆవిడ మంచం వసారాలోకి మార్చాం, పళ్ళెం, గ్లాసు వేరు చేశాం. ఆవిడ మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ వద్దన్న మనిషిని కసిరి మరీ ఊదించింది నేను. ఆ మాట మా ఆయనకు చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

మూడో రోజు డాక్టరు చిన్న స్కేలుతో వాపును కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

క్రిమి లోపలికి పోయింది. ఎక్స్‌రేలో మాత్రం ఏమీ లేదు, జబ్బు ఇంకా మొదలుకాలేదు. ఏడాది పాటు ఒక్కరోజు తప్పకుండా మందు వేస్తే అది లేవకపోవచ్చన్నాడు. లేవకపోవచ్చు, అంతే. లేవదు అనలేదు. ఎన్నేళ్ళు చూసుకోవాలని అడిగాను. బతికినన్నాళ్ళూ అన్నాడు. పిల్ల ముసలిదయ్యాక దగ్గు వస్తే వయసు మీదికి తోసేయొద్దని చెప్పాడు. అప్పటికి నేను ఎక్కడుంటాను?

ఇంటికొచ్చేసరికి అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వసారా చివర నిలబడి ఉంది. మూడు రోజులుగా సరిగ్గా అన్నం ముట్టలేదు.

"పోరికేం గాలే గద?"

"ఏం గాలే అత్తా. ఉత్తగనే మందు రాసిచ్చిండు."

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. దగ్గరికి రాబోయి, గుర్తొచ్చి ఆగిపోయి, దూరం నుంచే చేయెత్తింది.

"నా మన్మరాలు సల్లగుంటది. నా అసొంటి ముసల్దయ్యేదాంక బతుకుతది సూడు."

ఏ దీవెనకూ నేను అంతగా భయపడలేదు.