పన్నెండు వందల అడుగుల గ్యాస్

గ్యాస్ వాళ్ళకి రోజు పొద్దున తొమ్మిదింటికి మొదలవుతుంది. సూర్యుడు ఎప్పుడొచ్చినా వాళ్ళకి పట్టదు. ఆ ఫిబ్రవరి గురువారం తొమ్మిదీ నలభైకి, హాకిట్ ఊరి గ్యాస్ ఆఫీసులో డ్వైట్ టాకెట్ గోడమీది ప్రెజర్ ముల్లు చూసి, కాఫీ కప్పు బల్లమీద పెట్టి, మళ్ళీ చూశాడు. ఇరవై ఎనిమిది పౌండ్ల దగ్గర నిలబడాల్సిన ముల్లు ఇరవై మూడు దగ్గరుంది. ఇంకా దిగుతోంది.

బయట చలి సున్నాకి నాలుగు డిగ్రీలు కింద. ఊళ్ళో పదకొండు వందల ఇళ్ళు, ప్రతి ఇంట్లో హీటరు, ప్రతి హీటరు కడుపులో ఎప్పుడూ ఆరకుండా వెలిగే చిటికెన వేలంత మంట. ప్రెజర్ పదికి దిగితే ఊరి చివరి ఇళ్ళలో ఆ మంట ఆరిపోతుంది. ఆరుకి దిగితే ఊరంతా ఆరిపోతుంది. తర్వాత గ్యాస్ తిరిగొచ్చిందా, మరీ ప్రమాదం. మంట లేని హీటర్లోంచి ఇల్లంతా నిండుతుంది. అందుకని ఇంటింటికీ వెళ్ళి మీటర్ల దగ్గర గ్యాస్ కట్టేసి, ఒక్కొక్క మంటా చేత్తో వెలిగించుకు రావాలి. ఆఫీసులో ఉన్నది ముగ్గురు మనుషులు. నాలుగు రోజుల పని. ఆ చలిలో ముసలి ప్రాణాలు నాలుగు రోజులు ఆగవు.

డ్వైట్ పైప్‌లైన్ కంపెనీకి ఫోన్ చేశాడు. అక్కడ ఊళ్ళ కోటాలు చూసే ఓపల్ ఎత్తింది. ఊరికి మామూలుగా వచ్చే గ్యాస్ వస్తూనే ఉందని, చలికోసం నిన్న ఆయన అదనంగా అడిగిన పన్నెండు వందల ఘనపు అడుగులు కూడా పంపామని చెప్పింది. డ్వైట్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నిన్న పంపిన కాగితం నకలు తీసి చూశాడు.

డ్వైట్ ఇరవై ఏళ్ళు ఆనకట్ట మీద కరెంటు తీసినవాడు. అక్కడ ఎమ్ అంటే పది లక్షలు. గ్యాస్ వాళ్ళకి ఎమ్ అంటే వెయ్యి, పది లక్షలు కావాలంటే రెండు ఎమ్‌లు వెయ్యాలి. అదే వెయ్యిని పక్కవీధి కంప్యూటర్ల కొట్టువాడు కే అంటాడు. ఇంటికో కులదేవత ఉన్నట్టు ఒక్కో పనివాళ్ళకి ఒక్కో అక్షరం, పైగా ఎవరి అక్షరం వాళ్ళకి వేదం. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఈ తేడా డ్వైట్‌కి చెప్పారు. ఏడు వారాలు సరిగ్గానే రాశాడు. నిన్న, మర్నాటి గ్యాస్ అడగడానికున్న ఒంటిగంట గడువుకి ముందు, చలి వార్తల హడావుడిలో, చెయ్యి పాత అలవాటుకి పోయింది. పన్నెండు లక్షల అడుగులు అడగాల్సిన చోట "1.2 ఎమ్" అని రాసి పంపాడు.

"మరీ అంత తక్కువేంటని మీకు అనిపించలేదా?" అన్నాడు ఓపల్‌తో.

"అనిపించింది. కొత్తాయన కదా, కాగితం చేరుతోందో లేదో చూసుకుంటున్నారేమో అనుకున్నా. నిన్న నాకు మూడొందల కాగితాలొచ్చాయి డ్వైట్ గారూ. పదిలోపు దిద్ది పంపండి, రెండింటికి మీ గ్యాస్ మీకొస్తుంది. అంతకు ముందు నేనేం చెయ్యలేను."

తొమ్మిదీ యాభై రెండుకి దిద్దిన కాగితం పంపాడు. అంకెలు కాకుండా అక్షరాల్లో రాశాడు, కింద మళ్ళీ సున్నాలన్నీ పెట్టాడు. ఇంక రెండింటిదాకా నాలుగు గంటలు. గొట్టాల్లో ఉన్న గ్యాస్‌తోనే ఊరిని నెట్టుకురావాలి. ముల్లు ఇరవై ఒకటి.

ఊళ్ళో అందరికంటే ఎక్కువ గ్యాస్ తాగేది పశువుల మేత మిల్లు. నలభై వేల పశువులకి మొక్కజొన్నని ఆవిరిలో ఉడికించి అటుకుల్లా నొక్కుతారు. ఆ బాయిలర్లు ఆపితే ఊరు బతుకుతుంది. పదీ పదికి మిల్లు పెద్ద హార్లన్ బిగ్స్‌కి ఫోన్ చేస్తూ, ఏం చెప్పాలో డ్వైట్ మనసులో రెండుసార్లు అనుకున్నాడు. రెండుసార్లూ నిజమే అనుకున్నాడు. హార్లన్ గొంతు వినగానే నోట్లోంచి వేరే మాట వచ్చింది. పైప్‌లైన్ వాళ్ళ దగ్గర ఏదో ఇబ్బందట, బాయిలర్లు కాసేపు ఆపగలవా అని అడిగాడు.

హార్లన్ నవ్వాడు. "ఏటా ఈ పాటే పాడతారు వాళ్ళు. పోయినేడు ఆపమంటే ఆపాను, తీరా చూస్తే అక్కర్లేదన్నారు. ఉన్నట్టుండి మేత మారిస్తే పశువుల కడుపులు పాడవుతాయి. నీకేం తెలుసులే ఆనకట్ట దొరా, చేపలు లెక్కపెట్టుకున్నవాడివి. ఇబ్బంది వాళ్ళదైతే వాళ్ళనే నాకు ఫోన్ చెయ్యమను."

ఫోన్ పెట్టేశాడు. డ్వైట్ ఓపల్‌కి ఏమని చెప్తాడు? మీ పేరు చెప్పి అబద్ధమాడాను, మీరూ ఆడండి అనా? బడి మూసెయ్యమన్నాడు, మూసేశారు. చర్చిలో హీటర్లు ఆపించాడు. రేడియోలో, ఒక్క గదే వెచ్చగా ఉంచుకోండని చెప్పించాడు. మధ్యమధ్య వచ్చి ముల్లు చూశాడు. పద్దెనిమిది. పదహారు. చూసినప్పుడల్లా చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది, చూడకుండా ఉండలేకపోయాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, ఊరు చల్లబడుతుందన్న భయం ఒకటి, రెండూ ఆయన్ని మళ్ళీ ముల్లు దగ్గరికే లాక్కొచ్చాయి. పదమూడు.

పదీ యాభైకి మళ్ళీ ఫోన్ ఎత్తాడు.

"హార్లన్, ఇందాక నీకు అబద్ధం చెప్పాను. పైప్‌లైన్ వాళ్ళ తప్పేం లేదు. నేనే కాగితం తప్పు రాశాను. పన్నెండు లక్షలకి పన్నెండు వందలు అడిగాను. రెండింటికిగానీ గ్యాస్ రాదు. నువ్వు ఆపకపోతే ఊరు ఆరిపోతుంది."

అవతల మిల్లు రోద వినపడింది. తర్వాత హార్లన్ ఎవరినో కేకేసి పిలవడం వినపడింది, కాసేపటికి ఆ రోద ఆగింది.

"ఈ ముక్క ఇందాకే చెప్పుంటే నలభై నిమిషాలు కలిసొచ్చేవి కదయ్యా," అన్నాడు హార్లన్. వెక్కిరింపు లేదు గొంతులో. "ఊళ్ళో నేనెవరికీ చెప్పను. చెప్పుకుంటే నువ్వే చెప్పుకో."

అయినా గొట్టాల్లో గ్యాస్ వెంటనే కూడుకోదు. ముల్లు పన్నెండుకి దిగింది, పదికి దిగింది, పదకొండున్నరకి తొమ్మిదిమీద ఆగి వణికింది. డ్వైట్ దాని ముందు నిలబడి మెల్లిగా, పైకి వినపడేలానే, దాన్ని బతిమాలాడు. అది ఇంక దిగలేదు. మధ్యాహ్నం రెండూ పదికి పైకి లేవడం మొదలుపెట్టింది. ఆఫీసులో మిగతా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. డ్వైట్‌కి నవ్వు రాలేదు. తొమ్మిది దాకా దిగిందంటే ఊరి చివర శ్మశానం రోడ్డు ఆరిపోయి ఉంటుంది.

ఆ రోడ్డు మీద పదకొండు ఇళ్ళు. మీటర్లు కట్టేసి ఆ ఇద్దరూ పక్కవీధులు చూడ్డానికి వెళ్ళారు, వెలిగించే పని డ్వైట్ తనే పెట్టుకున్నాడు. ఇంటింట్లో మోకాళ్ళమీద వంగి మంట వెలిగించి, ఇంటివాళ్ళకి ఒక కార్డు రాసిచ్చాడు. కార్డులో "కారణం" అని ఒక గడి ఉంటుంది. ప్రతిచోటా "ప్రెజర్ తగ్గింది" అని రాశాడు. జనం దుప్పట్లు కప్పుకుని వచ్చి ఆయనకి థాంక్స్ చెప్పారు. ఒకావిడ వేడి సూప్ ఇచ్చింది. సగం తాగి గిన్నె తిరిగిచ్చేశాడు.

పదకొండో ఇల్లు నెల్డా ప్రూయిట్‌ది. ఎనభై దాటిన మనిషి. ఆమె భర్త డ్వైట్ కుర్చీలోనే ముప్ఫై ఏళ్ళు కూచుని రిటైరై, పోయాడు. రెండు కోట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని వంటింట్లో కూచుంది. చేతివేళ్ళు నీలంగా ఉన్నాయి. డ్వైట్ వెంటనే హీటరు ముందు వంగాడు, మూడోసారికి మంట అంటుకుంది. ఆమె దగ్గరికి జరిగి చేతులు చాపింది.

కార్డు తీసుకుని, కళ్ళజోడు వెతుక్కుని చదివింది.

"ప్రెజర్ తగ్గిందని నాకూ తెలుసు నాయనా. పొద్దుట్నుంచీ ఆ చలిలోనే కూచున్నా కదా. అది జరిగిన సంగతి. ఇక్కడ అడిగింది కారణం."

కార్డు తిరిగి ఇచ్చింది. కోపం ఏమీ లేదు. తన ఇంట్లో ఇన్నేళ్ళుగా చూసిన కార్డు సరిగ్గా నింపాలి, అంతే.

డ్వైట్ ఆ మాట కొట్టేసి కింద రాశాడు: "పన్నెండు లక్షల అడుగులు అడగాల్సింది, పన్నెండు వందలు అడిగాను. నలభై నిమిషాలు దాచాను. డ్వైట్ టాకెట్." గడి చాలలేదు, చివరి ముక్క అంచుమీద రాశాడు.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. లేచి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో పెట్టింది.

"మా ఆయనా ఒకసారి ఇలాంటిదే చేశాడు," అంది. "ఎవరికీ చెప్పలేదు. నాకొక్కదానికే తెలుసు. చచ్చేదాకా ఈ రోడ్డు మీద ఇంకెవరింటి మెట్లూ ఎక్కలేదు."

డ్వైట్ బయటికొచ్చి ట్రక్కు ఎక్కబోయి ఆగాడు. వెనక పది ఇళ్ళలోనూ దీపాలు వెలుగుతున్నాయి. జేబులో పెన్ను ఉందో లేదో తడుముకుని, పక్కింటి మెట్లెక్కి తలుపు కొట్టాడు. ఇందాక సూప్ ఇచ్చినావిడే తీసింది. మళ్ళీ ఆరిపోయిందా అని కంగారుపడింది.

"లేదమ్మా," అన్నాడు డ్వైట్. "ఆ కార్డు ఒకసారి ఇలా ఇవ్వండి."